సుడిదోమ లెక్కలకు ఏ డిస్ట్రిబ్యూషన్, ఏ లింక్?

ప్రశ్న: వ్యవసాయ కీటకశాస్త్రంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వరిలో సుడిదోమ మీద నా థీసిస్. మూడు నత్రజని మోతాదులు, కాలిబాటలు తీసిన మడులు, తీయని మడులు, నాలుగు రెప్లికేషన్లు, మొత్తం 24 మడులు. మడికి పది దుబ్బుల చొప్పున పురుగులు లెక్కపెట్టాను. చాలా దుబ్బుల్లో సున్నా, కొన్నిట్లో ముప్పై, నలభై కూడా ఉన్నాయి. మా గైడ్ గారు "ప్రతి అంకెకీ 0.5 కలిపి వర్గమూలం తీసి అనోవా చెయ్యి, మేమంతా అలాగే చేశాం" అన్నారు. పేపర్ పంపితే రివ్యూయర్ జనరలైజ్డ్ లీనియర్ మోడల్ వాడమని తిప్పి పంపారు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో పాయిసన్ మోడల్ పెట్టి రన్ చేస్తే అన్నిటి పక్కనా మూడేసి నక్షత్రాలు వచ్చాయి. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. డేటాకి షాపిరో టెస్ట్ చేస్తే ఫెయిలైంది. ఇంతకీ ఎర్రర్ డిస్ట్రిబ్యూషన్ అంటే ఏమిటి? లాగ్ లింక్ అంటే డేటాకి లాగ్ తీయడమే కదా? నా దగ్గర తెల్లకంకుల శాతం కూడా ఉంది, దానికీ ఇదే పద్ధతా? వైవా దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, కృష్ణా జిల్లా

సమాధానం:

ముందు ఆ నక్షత్రాల సంగతి చూద్దామమ్మా. ఒక ప్రభావం కాకతాళీయం కాదనిపించినప్పుడు ఆర్ పెట్టే గుర్తులవి. భయపడడమే సరైన పని. కారణం మీ పురుగు పేరులోనే ఉంది. దాన్ని సుడిదోమ అని ఎందుకన్నారు? అది పట్టిన పొలం అంతా ఒకేసారి ఎండిపోదు. అక్కడొక చక్రం, ఇక్కడొక చక్రం, సుళ్లు సుళ్లుగా ఎండి పడిపోతుంది. ఒక దుబ్బు మొదట్లో గుంపులు గుంపులుగా ఉంటాయి, నాలుగు బారల అవతల దుబ్బులో ఒక్కటీ కనపడదు. ఆ పేరు పెట్టిన రైతు స్టాటిస్టిక్స్ చదవలేదు గానీ, "ఈ పురుగు లెక్కల్లో సగటు కంటే వేరియన్స్ (అంకెల చెదురుకి కొలత) చాలా ఎక్కువ" అన్న సంగతే తన భాషలో చెప్పాడు. పాయిసన్ మోడల్ మాత్రం సగటూ వేరియన్సూ సమానం అనుకుని లెక్క మొదలుపెడుతుంది. మీ డేటా అలాంటిదేనని మీరు దానికి హామీ ఇచ్చారు, అది మీ మాట నమ్మి నక్షత్రాలు పంచింది.

ఇక "ఎర్రర్ డిస్ట్రిబ్యూషన్" అన్న పేరు. ఈ పేరు దగ్గరే చాలామంది జారిపడతారు, ఒకప్పుడు నేనూ పడ్డాను. మామూలు రిగ్రెషన్ నేర్పేటప్పుడు గీత మీద ఉన్న విలువకి కాస్త ఎర్రర్ కలిపితే మనం కొలిచిన విలువ వస్తుందని చెబుతారు. గింజ దిగుబడి లాంటి వాటికి ఆ బొమ్మ బాగానే కుదురుతుంది. పురుగుల లెక్కకి కుదరదు. ఒక మడిలో దుబ్బుకి సగటున 2.4 పురుగులు ఉంటాయనుకోండి. ఏ దుబ్బులోనూ 2.4 పురుగులు ఉండవు. 2.4కి కొంచెం కలిపో తీసో సున్నా, ఒకటి, ఐదు తయారయ్యాయని అనుకోవడం కూడా అనవసరమైన కసరత్తే. సగటు 2.4 ఉన్న ఒక డిస్ట్రిబ్యూషన్ నుంచి ఒక్కో దుబ్బుకి ఒక్కో పూర్ణాంకం వచ్చిందని అనుకుంటే చాలు. పక్కన విడిగా కలపడానికి ఎర్రర్ అనే సరుకే లేదు. అందుకే నేను క్లాసులో ఆ మాట వాడను, "చెదురు తీరు" అంటాను. ఒకే నత్రజని మోతాదు, కాలిబాట సంగతీ ఒకటే, బ్లాకు కూడా ఒకటే. ఇవన్నీ సమానంగా ఉన్నా దుబ్బుకీ దుబ్బుకీ లెక్క ఎంత చెదిరి ఉంటుంది? సగటు పెరిగే కొద్దీ ఆ చెదురు ఎంత వేగంగా పెరుగుతుంది? డిస్ట్రిబ్యూషన్ ఎంచుకోవడమంటే ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వడమే.

లింక్ అడిగే ప్రశ్న వేరు. నత్రజని పెంచితే సగటు ఎలా కదులుతుంది? ఇన్ని పురుగులు అని కలుస్తాయా, ఇన్ని రెట్లు అవుతుందా? ఈ రెండు ప్రశ్నల్నీ విడదీయడమే జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్‌లో ఉన్న అసలు సొగసు. వర్గమూలం తీసే పాత పద్ధతిలో ఒక్క దెబ్బకి రెండు పిట్టలూ పడాలి. చెదురూ సమానం కావాలి, ప్రభావాలు కూడికల్లా కూడా మారాలి. రెండూ ఒకే వర్గమూలంతో కుదరడం అదృష్టం ఉంటేనే. 1972లో జాన్ నెల్డర్, రాబర్ట్ వెడర్‌బర్న్ ఇద్దరూ కలిసి ఈ ముడి విప్పారు. వాళ్లు పనిచేసింది ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. అంటే ఇది ఎక్కడి నుంచో మీ రంగం మీదకి వచ్చిపడ్డ వ్యవహారం కాదు, పొలం గట్టునే పుట్టిన పద్ధతి. వెడర్‌బర్న్ 1975లో, ఇంకా ముప్పై నిండకుండానే, పురుగు కుట్టి చనిపోయాడని కీటకశాస్త్రం చదివే పిల్లలకి చెబుతుంటే నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

షాపిరో గురించి రెండు ముక్కలు. మీరు ఆరు ట్రీట్‌మెంట్ల లెక్కలన్నీ ఒకే కుప్పగా పోసి నార్మలా (గంట ఆకారంలో ఉందా) కాదా అని అడిగారు. ఒక్కో ట్రీట్‌మెంట్ విడిగా చక్కటి నార్మల్ అయినా, ఆరూ కలిపితే కుప్ప నార్మల్‌గా ఉండాలని ఎక్కడా లేదు. పైగా కౌంట్ మోడల్ ఎవరినీ నార్మల్‌గా ఉండమని అడగదు. ఆ టెస్ట్‌ని థీసిస్‌లోంచి తీసేయండి.

ఇప్పుడు చెదురు తీరు దగ్గర కాస్త ఆగుదాం. పాయిసన్‌కి నిజంగా నప్పిన డేటా ఒకటి చూస్తే, మీదెందుకు నప్పదో తెలుస్తుంది. బోర్ట్‌కీవిచ్ అనే ఆయన 1898లో ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క ప్రచురించాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 పరిశీలనలు. 109 సార్లు ఒక్క చావూ లేదు, 65 సార్లు ఒకటి, 22 సార్లు రెండు, 3 సార్లు మూడు, ఒక్కసారి నాలుగు. సగటు 0.61, వేరియన్స్ కూడా దాదాపు 0.61. ఒక సైనికుణ్ణి గుర్రం తన్నిందని పక్కవాణ్ణి ఇంకో గుర్రం తన్నదు కదా! దేని దారి దానిది. చినుకులు ఒకదాన్నొకటి చూసుకోకుండా పడినట్టు సంఘటనలు జరిగితే వచ్చేది పాయిసన్.

పురుగులు అలా పడవు. తల్లి గుడ్లు పెట్టిన చోటే పిల్లలుంటాయి. 1953లో బ్లిస్, ఫిషర్ ఒక పేపర్‌లో ఆపిల్ ఆకుల మీద ఎర్రనల్లి లెక్కలు వాడారు. 150 ఆకులు. 70 ఆకుల మీద సున్నా, 38 మీద ఒకటి, 17 మీద రెండు, 10 మీద మూడు, 9 మీద నాలుగు, 3 మీద ఐదు, 2 మీద ఆరు, ఒక్కదాని మీద ఏడు. కాలిక్యులేటర్ తీసి చేయండి, సగటు 1.15 వస్తుంది, వేరియన్స్ 2.27, దాదాపు రెండింతలు. ఆ సగటుతో పాయిసన్ నిజమైతే సున్నా ఆకులు 48 దాకా ఉండాలి. ఉన్నవి 70. ఇక్కడే చాలామంది "సున్నాలు ఎక్కువున్నాయి, జీరో ఇన్‌ఫ్లేటెడ్ మోడల్ (అదనపు సున్నాలకి విడిగా చోటిచ్చేది) పెట్టాలి" అని పరుగెడతారు. తొందరపడకండి. అదే డేటాకి, గుంపు కట్టే లెక్కలకి వాడే నెగెటివ్ బైనామియల్ అనే డిస్ట్రిబ్యూషన్ పెడితే సున్నాలు దాదాపు 70 రావాలని అదే చెబుతుంది. సున్నాలు మితిమీరి ఏమీ లేవు, గుంపు కట్టే గుణం ఉంటే అన్ని సున్నాలు సహజమే. ఒకచోట మూగితే ఇంకోచోట ఖాళీ అవుతుంది, అంతే. పురుగు చేరే వీలే లేని దుబ్బులు కొన్ని ఉన్నాయని మీకు వేరే కారణంగా తెలిస్తే, అప్పుడు జీరో ఇన్‌ఫ్లేటెడ్ గురించి ఆలోచించండి.

నెగెటివ్ బైనామియల్‌లో వేరియన్స్ అంటే సగటు, దానికి తోడు సగటు వర్గాన్ని కె అనే అంకెతో భాగించినది. కె ఎంత చిన్నదైతే గుంపు అంత గట్టిది. ఆ నల్లి డేటాలో కె సుమారు 1. కె బాగా పెద్దదైతే రెండో భాగం కరిగిపోయి పాయిసన్ మిగులుతుంది. మీరు టేలర్ పవర్ లా చదివే ఉంటారు, వేరియన్స్ సగటు యొక్క ఘాతంగా పెరుగుతుందని 1961లో చెప్పింది. అది కీటకశాస్త్రం సిలబస్‌లో ఉంటుంది, జీఎల్ఎం (జనరలైజ్డ్ లీనియర్ మోడల్) స్టాటిస్టిక్స్ సిలబస్‌లో ఉంటుంది, రెండూ ఒకే విషయం మాట్లాడుతున్నాయని పిల్లలకి ఎవరూ చెప్పరు. మీరు ఈ రాత్రికే చేయగల పని ఒకటుంది. 24 మడులకీ మడివారీగా సగటు, వేరియన్స్ లెక్కగట్టి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టండి. చుక్కలు నలభై ఐదు డిగ్రీల గీత చుట్టూ ఉంటే పాయిసన్ దారి. సగటుతో పాటే పెరుగుతూ గీతకి కొన్ని రెట్లు పైన, దాదాపు తిన్నగా పోతుంటే క్వాసీ పాయిసన్ (పాయిసన్‌నే ఉంచి, వేరియన్స్‌ని అన్ని రెట్లు పెంచేది) సరిపోతుంది. వంపు తిరిగి పైకి లేస్తుంటే నెగెటివ్ బైనామియల్. సుడిదోమకి మూడోదే వస్తుందని నా పందెం, అయినా చుక్కలు చెప్పిందే వినండి. ఏ టెస్టు కంటే ఈ ఒక్క బొమ్మ వైవాలో మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది.

మీ పాయిసన్ ఎంత తప్పో అంకెల్లో కావాలంటే, పియర్సన్ రెసిడ్యువల్స్ (అసలు అంకెకీ మోడల్ చెప్పిన సగటుకీ ఉన్న తేడాని, మోడల్ అనుకున్న వేరియన్స్ వర్గమూలంతో భాగించినవి) వర్గాల మొత్తాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించండి. ఒకటి చుట్టుపక్కల రావాలి. తొమ్మిది వచ్చిందనుకోండి, మీ స్టాండర్డ్ ఎర్రర్లన్నీ ఉండాల్సిన దాంట్లో మూడో వంతే ఉన్నట్టు. తొమ్మిదికి వర్గమూలం మూడు కదా. మూడింతలు పెద్దది కావాల్సిన ఎర్రర్‌ని చిన్నది చేసి చూపిస్తే ఏ ప్రభావమైనా నక్షత్రాలతో మెరుస్తుంది.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ నాకు దీని మీదే ఎక్కువ బెంగ. మీరు 240 దుబ్బుల్నీ 240 వరుసలుగా ఎక్కించారా? మీ ఉత్తరం చదివితే అలాగే అనిపిస్తోంది. నత్రజని వేసింది మడికి, దుబ్బుకి కాదు. ఒకే మడిలోని పది దుబ్బులు ఒకే ఇంటి పిల్లల్లాంటివి, వాటి మధ్య పోలిక ఉంటుంది. మడులు 24. మొత్తం సగటుకి ఒకటి, బ్లాకులకి మూడు, ట్రీట్‌మెంట్లకి ఐదు పోతే మీ దగ్గర మిగిలేది 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. 240 వరుసలు ఎక్కిస్తే మోడల్ అవి 231 అనుకుంటుంది. డిస్ట్రిబ్యూషన్ ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఈ తప్పు ముందు అది నిలవదు. సులువైన దారి ఏమిటంటే మడికి పది దుబ్బుల మొత్తం తీసి, 24 వరుసలతో నెగెటివ్ బైనామియలో క్వాసీ పాయిసనో పెట్టడం. ఏదో మడిలో ఎనిమిది దుబ్బులే లెక్కపెట్టి ఉంటే దుబ్బుల సంఖ్య లాగ్‌ని ఆఫ్‌సెట్‌గా (గుణకం ఒకటిగానే ఉంచే పదంగా) ఇవ్వండి. రెండో దారి దుబ్బువారీగానే ఉంచి మడిని రాండమ్ ఎఫెక్ట్‌గా చేర్చడం. చేతనైతే అదీ మంచిదే, కానీ వైవా ముందు వారంలో కొత్తగా మిక్స్‌డ్ మోడల్స్ నేర్చుకోవద్దని నా సలహా.

ఇక లింక్. "లాగ్ లింక్ అంటే డేటాకి లాగ్ తీయడమే కదా?" అని అడిగారు. కాదు. తేడా ఐదు దుబ్బులతో చూపిస్తాను. లెక్కలు 0, 0, 1, 3, 46 అనుకుందాం. మొత్తం 50, సగటు 10. లాగ్ లింక్ ఉన్న మోడల్ ఈ పదికి లాగ్ తీస్తుంది. వెనక్కి తిప్పితే మళ్లీ పదే వస్తుంది. ఇప్పుడు డేటాకి ఒకటి కలిపి లాగ్ తీసి, ఆ లాగ్‌ల సగటు కట్టి, వెనక్కి తిప్పండి. 2.3 వస్తుంది. మీ గైడ్ గారి పద్ధతిలో 0.5 కలిపి వర్గమూలాలు తీసి, సగటు కట్టి, వెనక్కి తిప్పితే 4.6. అవే ఐదు దుబ్బులు. పది, నాలుగున్నర, రెండుంబావు! పొలంలో ఉన్న పురుగులు మాత్రం యాభైయే. ట్రాన్స్‌ఫర్మేషన్ ఒక్కో అంకెనీ ముందే నొక్కేస్తుంది, ఆ 46 గొంతు అక్కడే మూగబోతుంది. సుడిదోమ విషయంలో పంటని తినేది ఆ 46 ఉన్న దుబ్బే. పైగా సున్నాకి లాగ్ లేదని ఒకటి కలుపుతాం, ఎందుకు ఒకటే కలపాలి, పావు ఎందుకు కలపకూడదు అంటే ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. లాగ్ లింక్‌కి ఆ తంటా లేదు. డేటాలో సున్నాలు ఎన్నున్నా పర్లేదు, సగటు సున్నా కానంతవరకు. ఒక ట్రీట్‌మెంట్‌లో అన్ని మడులూ సున్నా అయితే మాత్రం జాగ్రత్త, గుణకం మైనస్ ఇరవై చుట్టుపక్కల, దాని ఎర్రర్ వేలల్లో చూపించి మోడల్ చేతులెత్తేస్తుంది.

లింక్ మార్చితే కథే మారిపోయే చోటు ఒకటుంది, అది మీ థీసిస్ నడిమధ్యలోనే ఉంది. నత్రజనీ కాలిబాటలూ కలిసి పనిచేస్తాయా అన్నది మీ ప్రశ్న, అంటే ఇంటరాక్షన్. మళ్లీ ఊహించిన అంకెలే తీసుకుందాం. తక్కువ నత్రజనిలో కాలిబాటలు లేకపోతే దుబ్బుకి 4 పురుగులు, ఉంటే 2. ఎక్కువ నత్రజనిలో లేకపోతే 20, ఉంటే 10. ఇక్కడ ఇంటరాక్షన్ ఉందా? లాగ్ లింక్‌ని అడిగితే లేదంటుంది, రెండుచోట్లా కాలిబాటలు పురుగుని సగం చేశాయి, గుణకం రెండుచోట్లా మైనస్ 0.69. సగటుని ఉన్నదున్నట్టే తీసుకునే ఐడెంటిటీ లింక్‌ని అడిగితే బోలెడంత ఉందంటుంది, ఒకచోట తగ్గింది రెండు, ఇంకోచోట పది. వర్గమూలాలతో అనోవా అడిగితే ఆ తేడాలు 0.59, 1.31, అదీ ఉందనే అంటుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. "సమానంగా తగ్గించడం" అంటే ఏమిటో ఒక్కొక్కరూ ఒక్కోలా అనుకుంటున్నారు. కాబట్టి "ఇంటరాక్షన్ సిగ్నిఫికెంట్" అని ఊరికే రాస్తే అర్థం లేదు, ఏ కొలబద్ద మీద అన్నది కూడా రాయాలి.

మరి ఏ కొలబద్ద? పురుగు పెరిగేది రెట్లలో. ఉన్న తల్లుల సంఖ్యని బట్టే పిల్లలు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు తినేదీ, గాలీ వెలుతురూ తగిలి తగ్గేదీ ఉన్నదాంట్లో ఇంత వంతు అన్న పద్ధతిలోనే ఎక్కువ. అందుకే పురుగుల సంఖ్యకి లాగ్ లింక్ సహజంగా కుదురుతుంది. సగటు ఎప్పుడూ నెగెటివ్‌లోకి పోదన్నది అదనపు లాభం. అయితే రైతు వైపు నుంచి చూస్తే రెండు పురుగులు తగ్గడం వేరు, పది తగ్గడం వేరు. ఎక్కువ యూరియా వేసిన పొలంలో కాలిబాటల విలువ ఎక్కువ అన్నది నిజమే. మోడల్ లాగ్ మీద కట్టండి, టేబుల్‌లో మాత్రం ఆరు ట్రీట్‌మెంట్లకీ దుబ్బుకి ఎన్ని పురుగులో వెనక్కి తిప్పిన సగటులు, వాటి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ ఇవ్వండి. లాగ్ గుణకాల టేబుల్ ఒక్కటే ఇస్తే పరీక్షకులకి విసుగు, రైతుకి ఉపయోగం లేదు.

పుస్తకాల్లో కనిపించే "కనానికల్ లింక్" అన్న మాట చూసి బెదరకండి. పాయిసన్‌కి లాగ్, బైనామియల్‌కి లాజిట్, గామాకి విలోమం అని ఒక జాబితా ఉంటుంది. అది గణితం నున్నగా నడిచే లింక్, అంతే. ప్రకృతి దానికి కట్టుబడి ఉండదు. గామాతో కూడా చాలామంది లాగే వాడతారు. నెగెటివ్ బైనామియల్‌కి లాగ్ కనానికల్ కాదు, అయినా అందరూ వాడేది అదే.

లింక్‌ని డేటా కూడా కొంత తేల్చగలదు. 1935లో బ్లిస్ ఇచ్చిన డేటా ఒకటి ప్రసిద్ధం. కార్బన్ డైసల్ఫైడ్ పొగలో ఐదు గంటలు ఉంచిన పిండి పురుగులు, ఎనిమిది మోతాదులు, మొత్తం 481 పురుగులు. అతి తక్కువ మోతాదులో 59కి 6 చచ్చాయి, అతి ఎక్కువలో 60కి 60. చెదురు తీరు గురించి గొడవ లేదు, ఇన్నిటిలో ఇన్ని చచ్చాయి అంటే బైనామియలే. లింక్ దగ్గరే తేడా. లాజిట్ పెడితే డీవియన్స్ (మోడల్‌కీ డేటాకీ ఉన్న ఎడం, తక్కువైతే మేలు) 11.23, ప్రాబిట్‌కి 10.12, కాంప్లిమెంటరీ లాగ్ లాగ్‌కి 3.45. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మూడిటికీ ఆరే. మొదటి రెండు లింకులూ సగం దగ్గర అద్దంలో బొమ్మలా రెండువైపులా ఒకేలా వంగుతాయి. ఈ పురుగులు మొదట్లో మెల్లగా, చివర్లో గబగబా చచ్చాయి, మూడో లింక్ వంపు అలాగే ఉంటుంది. మొండి పట్టుతో లాజిట్ మీదే కూర్చుంటే ఆ సంగతి కనపడదు.

దీనితోనే మీ తెల్లకంకుల దగ్గరికి వచ్చాం. అది శాతంగా కనిపిస్తుంది గానీ నిజానికి లెక్కే, ఇన్ని కంకుల్లో ఇన్ని తెల్లవి. మీ డిపార్ట్‌మెంట్‌లో దానికి యాంగ్యులర్ ట్రాన్స్‌ఫర్మేషన్ (నిష్పత్తి వర్గమూలానికి ఆర్క్‌సైన్ తీయడం) చేయమంటారు, నాకు తెలుసు. ఐదు కంకుల్లో ఒకటి తెల్లదైనా 20 శాతమే, వందలో ఇరవై తెల్లవైనా 20 శాతమే. మొదటి 20 మీద మనకి నమ్మకం ఎంత, రెండో దాని మీద ఎంత? శాతంగా మార్చగానే ఆ తేడా చెరిగిపోతుంది. బైనామియల్‌కి తెల్లకంకులు, మంచి కంకులు అని రెండు అంకెలూ ఇస్తారు, బరువులు అదే చూసుకుంటుంది. లాజిట్ లింక్ పెట్టండి, సగటు సున్నాకీ వందకీ మధ్యే ఉంటుంది. తెల్లకంకులకి కారణమయ్యే కాండం తొలిచే పురుగు కూడా కొంత గుంపుగానే పడుతుంది కాబట్టి ఇక్కడా పియర్సన్ లెక్క ఒకటి కంటే బాగా ఎక్కువ వస్తే క్వాసీ బైనామియల్ తీసుకోండి. లాజిట్ గుణకాన్ని వివరించేటప్పుడు ఆడ్స్‌ని (మంచి కంకులకి తెల్లకంకులు ఎన్ని వంతులన్న నిష్పత్తిని) శాతంతో కలపకండి. ఆడ్స్ సగమైతే తెల్లకంకుల శాతం కచ్చితంగా సగమవదు, శాతం బాగా చిన్నదైనప్పుడే దగ్గరగా వస్తుంది.

మీ గైడ్ గారి విషయం. ఆయన చెప్పింది మూఢనమ్మకం కాదు. వర్గమూలం గురించి బార్ట్‌లెట్ 1936లోనే రాశాడు, చేత్తో తిప్పే లెక్కల యంత్రాల రోజుల్లో అంతకంటే మంచి దారి లేదు. ఇప్పటికీ ఈ పోరు పూర్తిగా తెగలేదు. కౌంట్ డేటాకి లాగ్ తీయొద్దని 2010లో ఓహారా, కోట్జె గట్టిగా వాదించారు. ప్రభావం ఉందా లేదా అని తేల్చే టెస్ట్ వరకైతే లాగ్ తీయడమే క్షేమం కావచ్చని 2015లో ఐవ్స్ అన్నాడు. చిన్న ప్రయోగాల్లో తప్పు జీఎల్ఎం కంటే వర్గమూలాల అనోవా తక్కువ అబద్ధం ఆడుతుందన్న మాటలో నిజం ఉంది. మీ మొదటి పాయిసన్‌తో పోలిస్తే మీ గైడ్ గారి అనోవాయే నయం! కాబట్టి ఆయన దగ్గరికి "సార్, మీ పద్ధతి తప్పట" అని వెళ్లకండి. రెండూ చేసి, రెండు టేబుల్స్ పక్కపక్కన పెట్టి చూపించండి. సగటుల దగ్గర తేడా ఎందుకొచ్చిందో ఆ ఐదు దుబ్బుల లెక్కతో చెబితే ఆయనే ఒప్పుకుంటారు. రెండు మోడల్స్ ఏఐసీలు (ఏ మోడల్ మేలో పోల్చడానికి వాడే అంకెలు) మాత్రం పోల్చకండి. ఒకటి అసలు అంకెల మీద, ఇంకోటి వర్గమూలాల మీద కట్టినప్పుడు వాటి ఏఐసీలకి ఉమ్మడి కొలత ఉండదు.

ఆర్‌లో చేయాల్సినవి కొన్నే. మాస్ ప్యాకేజీలో నెగెటివ్ బైనామియల్‌కి విడిగా ఫంక్షన్ ఉంది, అందులో వచ్చే తీటాయే మన కె. రెసిడ్యువల్స్ చూడడానికి ధర్మ అని ఒక ప్యాకేజీ ఉంది, పేరు మనదే గానీ చేసింది జర్మనీలో. అది మీ మోడల్ నిజమైతే డేటా ఎలా ఉండేదో వందలసార్లు పుట్టించి, మీ అసలు డేటా ఆ వరసలో ఎక్కడ నిలబడుతుందో చూపిస్తుంది. కౌంట్ డేటాకి మామూలు రెసిడ్యువల్ బొమ్మలు చారలు చారలుగా వచ్చి కంగారు పెడతాయి, ఇందులో ఆ బెడద ఉండదు. జీఎల్ఎం మీద అనోవా కమాండ్ ఇచ్చేటప్పుడు ఏ టెస్ట్ అని అడిగితే అందులో "రావు" అన్న ఎంపిక కూడా కనపడుతుంది. ఆ రావు గారు మన సి.ఆర్. రావు గారే, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చదివినాయన. 1948 నాటి ఆయన స్కోర్ టెస్ట్ అది. వైవాలో ఎవరైనా అడిగితే చెప్పడానికి బాగుంటుంది, మీ డేటాకి అవసరం మాత్రం లేదు.

ఒక్క పని ఈ రోజే చూడండి. తెల్లకంకుల గురించి రాస్తూ మీరు "శాతం ఉంది" అన్నారు, ఎన్ని కంకుల్లో అన్నది రాయలేదు. ఎక్సెల్ షీట్‌లో శాతం ఒక్కటే ఎక్కించి ఉంటే, పొలంలో రాసుకున్న నోట్‌బుక్ ఎక్కడుందో వెతికి, ఒక్కో దుబ్బుకి మొత్తం కంకుల సంఖ్య పక్కన ఇంకో కాలమ్‌లో ఎక్కించండి. ఆ కాలమ్ లేకుండా పైన చెప్పిన బైనామియల్ మోడల్ మొదలే పెట్టలేరు.